మూడో తీగ

కలాసిపాళ్యంలో బేరమాడి తెచ్చాను,
ఏదో పాత జపాను బండిలోంచి ఊడదీసిన
బొటనవేలంత ఇత్తడి సెన్సరు.
జిలానీ బాషా నోట్లో టార్చి కరుచుకుని
ఫ్యూయల్ రెయిలుకి బిగిస్తున్నాడు.
మూడే తీగలు: ఒకటి ఐదు వోల్టులు, ఒకటి నేల,
మూడోది మాట.

పోయిన వానాకాలం నైస్ రోడ్డు మీద
మూడో పిస్టను బెల్లప్పాకమైంది.
ఇప్పుడది నా బల్లమీద కాగితాలకు బరువు.
టర్బో తప్పన్నారు, మ్యాపు తప్పన్నారు,
నా కుడికాలి తప్పంది మా అక్క.

ప్రెషరు సున్నా అయినా అర వోల్టు రావాలట.
"తీగ తెగితే తెలియాలిగా అన్నా.
ఏమీ లేకపోవడం వేరు, పలక్కపోవడం వేరు."

తెల్లారి నాలుగింటికి, నాలుగో గేరులో, తొక్కాను.
ల్యాప్‌టాప్‌లో ఎర్రగీత
నాలుగు బార్ల మీద నిలబడి, నిలబడి
ఆరువేల దగ్గర మోకాళ్ళు విరిగి కూలింది.
నా కాలు లేవకముందే
కంప్యూటరు నిప్పు ఆపేసింది.

పక్కకు తీశాం. లారీల గాలికి బండి ఊగుతోంది.
బాషా వెనకసీటు ఎత్తి
పంపుకెళ్ళే తీగ చూపించాడు. దారప్పోగంత.
ముట్టుకుంటే చురుక్కుమంది.

"ఇంత సన్నగొంతుతో ఎంత తాగమంటావు?"

లావు తీగ తేవాలి.
ఎస్.పి. రోడ్డులో పదింటిదాకా షాపులు తెరవరు.