నీడ కొలత

డిసెంబరులో ఉలాన్‌బాతర్.
పొద్దుటి బొగ్గుపొగ కాస్త తెరిపిచ్చాక
ఉతికి ఆరేసినట్టు నీలం, మబ్బు తునక లేదు.
మంచు మీద ఎండ పడి కళ్ళు చిట్లించాల్సి వస్తుంది.
ఇంత ఎండలో కూర్చుని నేను
ఎండ చాలలేదని చీటీలు రాస్తున్నాను.

మూడో తరగతి, ముప్ఫై నలుగురు.
నెత్తురు పరీక్షల కాగితాలొచ్చాయి.
టీచరు ఖొంగొర్జుల్ హాజరు పిలిచినట్టు పేర్లు చదివితే
నేను అంకెలు పలుకుతున్నాను.
ఏడు. తొమ్మిది. ఆరు. పదకొండు. మళ్ళీ ఏడు.
ఇరవై దాటింది ఒక్క పిల్ల,
వాళ్ళ నాన్న చేపలమ్ముతాడు.
"ఇవి లెక్కల మార్కులా?" అన్నాడొకడు.
తగ్గితే కొడతారా అని ఇంకొకడు, దగ్గుతూ.
చలికాలమంతా ఈ గదిలో ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు.
ఒకడికొస్తే రోగం.
ఊరందరికీ వస్తే, అది వాతావరణం.

దులమ్‌జావ్ అవ్వ నా చుక్కల సీసా చూసి నవ్వింది.
"ఎండ గుమ్మంలోనే ఉంది కదే,
దాన్నీ సీసాలో పోసి అమ్ముతున్నారా?"
ఆమె రోజుల్లో చంటిబిడ్డ నోటికి
గొర్రెతోక కొవ్వు ముక్క ఇచ్చేవాళ్ళట.
బిడ్డను మెడదాకా గొర్రెతోలులో చుట్టి, తాడు బిగించి,
ముఖం మాత్రం లోకానికి వదిలేవాళ్ళట.
నేనేమనను?
మైనస్ ముప్ఫైలో బిడ్డ చొక్కా విప్పమనే నర్సు మీదికి
కుక్కల్ని ఉసిగొల్పాలి, న్యాయంగా అయితే.

చెప్పడం చేతగాక
మధ్యాహ్నం పిల్లల్ని మైదానంలో నిలబెట్టాను.
సూత్రం చిన్నది:
నీ నీడ నీకన్నా పొడుగైతే
ఆ ఎండ చూడ్డానికే, ఒంటికి అంటదు.
తాడు పెట్టి కొలిచారు.
అల్తన్‌చిమెగ్ నీడ ఆమెకు మూడింతలు.
పిల్లలకు ఒకటే సంబరం,
ఒక్క పూటలో పెద్దవాళ్ళయిపోయామని.
ఒకడి తల బడిగోడ దాకా పోయి, వంగి, గోడెక్కింది.

అప్పుడు న్యామ్‌దొర్జ్ వచ్చి నిలబడ్డాడు,
అన్న విడిచిన పొట్టి కోటులో.
మంచు మీద వాడి కాళ్ళు రెండు విల్లులు.
మోకాళ్ళ మధ్య, నీడ నడుమ,
కోడిగుడ్డంత నున్నగా ఒక వెలుతురు.
"ఒరేయ్, నీ నీడ గుడ్డు పెట్టిందిరా!"
వాడు మడమలు దగ్గరికి లాక్కున్నాడు.
మళ్ళీ లాక్కున్నాడు.
గుడ్డు మూసుకోలేదు.
వాడి ఎముకల దాకా రాని వెలుగు
వాడి కాళ్ళ సందున దారి చేసుకుని పోతోంది.
నేను తాడు చుట్టేశాను, బడిగంట కొట్టకముందే.

పిండిలో కలుపుదామా, పాలలో కలుపుదామా అని
కార్యాలయంలో మూడేళ్ళుగా మాట్లాడుతున్నారు.
నా సంచీలో ఇరవై సీసాలు.
మా పేటలో పొగగొట్టాలు లెక్కపెట్టినవాడు లేడు.

ఏప్రిల్. దుమ్ము గాలి.
న్యామ్‌దొర్జ్ తాడు ఈడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చాడు,
నడుస్తున్న పడవలా అటూ ఇటూ ఊగుతూ.
"అక్కా, పొట్టివాణ్ణయ్యాను! చూడు!"
నిజమే, నీడ వాడి భుజం దాకా దిగింది.
చేతితొడుగులు పళ్ళతో లాగేసి
రెండు అరచేతులూ ఎండకు చాపాడు,
ఎవరో ఏదో పోస్తారన్నట్టు.
"గుడ్డు కూడా చిన్నదైందక్కా."
నీడ తగ్గింది గనక అదీ తగ్గింది.
ఆ మాట అనలేదు.
నాలుక చాపమన్నాను.
ఒకటి. రెండు. మూడు చుక్కలు.