అవును దగ్గర టిక్

హిమాయత్‌నగర్‌లో ఇరానీ హోటల్ పైన రెండో అంతస్తు.
లిఫ్టు లేదు.
ముప్పై ఆరు మెట్లకు మూడుసార్లు ఆగాను.
మూడోసారి ఆగినప్పుడు పైనుంచి చూశాడు
ప్రయాణ బీమా రాసే రాజమల్లు.
కుర్చీ తుడిచాడు, ఫ్యాను పెంచాడు,
ఏమీ చూడనట్టే ఫారం తీశాడు.

పేరు యశోధర. వయసు అరవై ఒకటి.
ముప్పై మూడేళ్లు పిల్లలకు భూగోళం చెప్పి దిగిపోయాను.
ఎక్కడికి?
బాకు.
"అదెక్కడుంటది మేడమ్?"
ఫారం వెనక్కి తిప్పి
చెయ్యెత్తకుండా ఒక్క గీతలో కాస్పియన్ వేశాను,
నల్లబల్ల మీద వేసినట్టే.
పేరుకు సముద్రం, నిజానికి సరస్సు.
ఒక మార్కు ప్రశ్న.
ఏటా సగం తరగతి తప్పు రాసేది.
దిద్దిన నేను మాత్రం దాన్ని చూశానా?

తస్నీమ్ టీచరు, మార్గరెట్ టీచరు, నేను
నవంబరులోనే డబ్బు కట్టాం.
జనవరిలో మెట్ల మీద ఆయాసం.
ఫిబ్రవరిలో రొమ్ముటెముక కోసి
పాత కవాటం తీసి మిషను కవాటం కుట్టారు.
గొంతు కింద మొదలై నిలువునా దిగే
రేఖాంశం ఒకటి ఇప్పుడు నాకుంది.
దానికి తూర్పున నేనే, పడమరా నేనే,
టైము మాత్రం వేరు.
ఆర్నెల్లు దాటితే గానీ బీమా లేదన్నారు.
నాకోసం వాళ్లిద్దరూ
మే నెలను సెప్టెంబరుకు జరిపారు.

'ముందునుంచీ ఉన్న జబ్బులు: అవును / కాదు.'
రాజమల్లు గొంతు తగ్గించాడు.
"కాదు దగ్గర టిక్ కొట్టుండ్రి మేడమ్.
అవునంటే పైసలు మూడింతలు.
మీ ఛాతీ తెరిచి ఎవరన్న జూస్తరా?"

చూశారు నాయనా, నాలుగున్నర గంటలు.
పైకి అనలేదు.
పెన్ను కాదు మీదే ఆగి ఉంది.
అబద్ధం చెప్పను, ఆ క్షణం
మూడింతలూ లెక్కేశాను.

కరెంటు పోయింది.
ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటిగా కనబడి నిలిచాయి.
గదిలో మిగిలిన చప్పుడు ఒక్కటే.
టిక్.
టిక్.
రాజమల్లు గోడ గడియారం చూశాడు,
అది ఏనాడో పదీ ఇరవై దగ్గర పడుకుంది.
చేతి వాచీ చెవికి ఆనించుకున్నాడు.
ఆ తర్వాత మెల్లగా నా వైపు.
నేను తలూపాను.
మా చెల్లెలు ఈ చప్పుడుకే
వేరే గదిలో పడుకుంటోంది.
ఫిబ్రవరి నుంచి నిమిషానికి డెబ్బై రెండుసార్లు
ఇది కొడుతున్నది అదే కదా,
అవును దగ్గర.

అతనేమీ అనలేదు.
కొత్త ఫారం ఇచ్చాడు.
కాస్పియన్ ఉన్న కాగితం మడిచి
చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

వారానికి పాలసీ వచ్చింది, పదకొండు పేజీలు.
సంచి పోతే ఇస్తారు.
పాస్‌పోర్టు పోతే ఇస్తారు.
విమానం ఆరు గంటలు ఆగితే అన్నానికిస్తారు.
పన్ను సలిపితే ఇస్తారు.
తొమ్మిదో పేజీలో చీమ అక్షరాలు:
గుండెకూ, గుండెకు సంబంధించిన వాటికీ వర్తించదు.
మూడింతలు కట్టింది మరి దేనికని
పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను,
గుండెకు సంబంధించనిదేదో గీత గీద్దామని.
సంచి? అందులో అమ్మ శాలువా ఉంటుంది.
విమానం ఆలస్యం? ఆ ఆరు గంటలూ
తస్నీమ్ ఖుబానీ డబ్బా తీస్తుంది,
మార్గరెట్ హెడ్మాస్టర్‌ను అనుకరిస్తుంది.
పంటికి ఒక్కదానికే గీత పడింది.

రక్తం పల్చబడే మాత్రలు రెండు చోట్ల,
సగం నా దగ్గర, సగం మార్గరెట్ దగ్గర.
డాక్టరు చీటీ మూడు కాపీలు.
గోంగూర కొలత ప్రకారమే.
ఇవి రాసుకుంటుంటే ఫోను, రాజమల్లు.
పాలసీ అందిందా అని అడిగి,
కాసేపాగి,
"మేడమ్, ఆ సరస్సు నీళ్లు ఉప్పగుంటయా?"
సముద్రంలో మూడో వంతు ఉప్పు, అన్నాను.
"పుస్తకంలది గాదు."

నాలుక మీద వేసుకుని చెబుతానన్నాను.