పరకాల నుంచి వరద

మొదటిసారి ఆమె ఫోన్ చేసిన రాత్రి
నేను తప్పు రాసుకున్నాను.
"హలో, పరకాల నుంచి వరద" అన్నది గొంతు.
లైన్లో ఒకటే గరగర.
వానాకాలం కదా, చలివాగు పొంగిందేమోనని
'పరకాలలో వరద' అని హెడ్డింగు పెట్టి
ఎన్ని ఇండ్లు మునిగినయని అడిగాను.
అవతల కాసేపు ఏమీ లేదు.
తర్వాత నవ్వు.
"నా పేరే వరద సార్. చిలువేరు వరద.
మీ కొత్త విలేకరిని."

విలేకరి అంటే మాకు అప్పటిదాకా
లూనా, చంకలో సంచి, మీసం.
హన్మకొండ ఆఫీసులో మేం పదకొండు మందిమి,
ఆడవాళ్ళకు బాత్రూం లేని మేడ.
మీటింగులున్న రోజు ఆమె పొద్దుటి నుంచీ
నీళ్ళు ముట్టేది కాదని
నాకు తెలిసింది ఇరవై ఏళ్ళకు.

ఏడున్నర బస్సుకు కవరు వచ్చేది
డ్రైవరు అద్దం ముందు, నిమ్మకాయల దండ పక్కన,
'ప్రెస్ - అర్జెంటు' అని ఎర్ర సిరాతో.
లోపల, మగ్గం లెక్కల చిట్టీల వెనక
చీమల బారులాంటి రాత.

సెంటీమీటరుకు ఇంతని కట్టిచ్చేవాళ్ళం.
నెలాఖరున కటింగులు అతికించి
కొడుకు స్కేలుతో కొలిచి పంపేది.
ఒక నెల నూట తొంభై మూడు సెంటీమీటర్లు.
బస్సు చార్జీలు పోను
కుక్కరుకు రబ్బరు వచ్చిందట.
ఫిర్యాదుగా కాదు, వార్త చెప్పినట్టే చెప్పింది.

ఠాణాలో ఎస్సై కుర్చీ చూపించలేదు.
"మీ ఆయన్ను పంపమ్మా" అన్నాడట.
"ఆయనకు రాయరాదు సార్, నేయొస్తది.
మీరు చెప్పేది నేసుడే అయితే పంపుత."

మార్కెట్ యార్డులో ఒక తెల్లారుజామున
బాట్లు పెట్టే పళ్ళెం కింద
తారుతో అతికించిన రాయిని పీకి
కొంగులో మూటగట్టి
వార్తతోపాటు అదే బస్సుకు పంపింది.
కిలోన్నర తూగింది.
వ్యాపారులు యాడ్లు ఆపేస్తామన్నారు.
వార్త ఆగింది.
రాయి నా బల్ల మీద ఉంది, కాగితాలు ఎగరకుండా.

పత్తిని పురుగు గెలిచిన ఏడాది
రోజుకో కవరు.
తాగిన మందు పేరు, అప్పెంత, ఎవరి దగ్గర,
మిత్తి నూటికి మూడు రూపాయలు,
ఎండిన బోర్లు రెండు.
అన్నిటికీ కింద ఒక లైను:
భార్య పేరు లచ్చవ్వ.
భార్య పేరు ఓదెమ్మ.
కింది నుంచి కోయడం డెస్కు అలవాటు.
కోశాను.
మర్నాడు ఫోను. "ఆమె పేరెందుకు తీసేసిన్రు?"
"జాగ లేదమ్మా."
"అప్పులోడు రేపు పేరుపెట్టే పిలుస్తడు సార్.
మనమే పిలువొద్దా?"
ఆ రాత్రి కవర్లో
పేరు మొదటి లైన్లోకి వచ్చి కూర్చుంది.
అక్కడి నుంచి కోయడం నాకు చేతకాలేదు.

పదిహేడేళ్ళకు ఐడీ కార్డు ఇచ్చారు,
'శ్రీ చిలువేరు వరద' అని.
మార్చి ఇస్తామన్నా ఆగలేదు.
శ్రీ పక్కన బాల్‌పెన్నుతో
'మతి' అని ఇరికించి
"మతి నాదే, మీరియ్యక్కర్లే" అన్నది.

నిన్న పరకాల కుర్రాడు వాట్సాప్‌లో పెట్టాడు:
'చిలువేరు రాజీరు సతీమణి అనారోగ్యంతో మృతి.'
రెండు లైన్లు.
పేరేదని ఫోన్ చేశాను.
"సింగిల్ కాలమే కద సార్, జాగ సరిపోదని..."
నా గొంతే అది.
నాకంటే ముప్పై ఏళ్ళు చిన్నది.

రెండు లైన్లూ కొట్టేసి
నేనే టైపు చేశాను: పరకాల వరద.
పేజీలు పెట్టే అమ్మాయి
కొత్తగా చేరింది, మడికొండ నుంచి వస్తది,
స్క్రీను వైపు వంగి అడిగింది:
"సార్, నడి ఎండాకాలంల వరదేంది?"

పేజీ పదిన్నరకు పోవాలి.
పదీ ఇరవై అయింది.

కుర్చీ లాక్కోమన్నాను.