థాంక్స్, చెన్నై

రాత్రి ఒకటిన్నరకి లండన్ నుంచి మెయిల్:
"పదిహేడో పేజీలో తప్పు పట్టుకున్నందుకు
థాంక్స్, చెన్నై."

నా పేరు జ్ఞానప్రసూన.
కాళహస్తి అమ్మవారి పేరు.
వాళ్ళ నాలుక తిరగక
ఊరి పేరుతో సరిపెట్టారు.

తరమణిలో ఎనిమిదో అంతస్తు.
ఏసీ చలికి చున్నీ చెవులకి చుట్టుకుని
ఎవరో కొనబోయే సిమెంటు కంపెనీకి
నాలుగేళ్ళుగా అంచులు సరిచేస్తున్నాను:
గీత మందం, గడి రంగు,
దశాంశం తర్వాత ఒకే ఒక్క అంకె.
పెళ్ళిచూపుల్లో ముందుగదిలో కూర్చునేది వాళ్ళు,
లోపల కాఫీ కలిపేది మేము.
బేరం కుదిరితే వాళ్ళ బల్లల మీదికి
చిన్న గాజుదిమ్మ ఒకటి వస్తుంది, బేరం వివరాలతో.
దాన్ని సమాధిరాయి అంటారు, ముద్దుగా.
చచ్చి కూడా అందులో నా పేరుండదు.

అందుకే ఈ ఎక్సెల్ షీటు.
లండన్‌లో పది నెలలు.
సింగపూర్‌లో ఏడాది.
పారిస్ పక్కన రెండేళ్ళు, చవకే, ఫ్రెంచి రావాలి.
అప్పు నలభై రెండు లక్షలు, పదకొండుంపావు వడ్డీ.
తాకట్టు ఏముందని బ్యాంకులో అడిగితే
సూళ్ళూరుపేట పిన్ని తన స్థలం కాగితాలు
చీరలకొట్టు కవర్లో పెట్టి ఇచ్చింది.
ఏం చదువని కూడా అడగలేదు.
ఆ కవరుని ఏ గడిలో వెయ్యాలో
ఇప్పటికీ తేలలేదు.

రేపటి రూపాయి ఇవాళ్టి రూపాయి కాదు,
ఈ విద్యలో మొదటి పాఠం అది.
నా ముప్ఫయ్యైదో ఏటిని, నలభయ్యో ఏటిని
చెయ్యిపట్టి వెనక్కి లాక్కొచ్చి
ఇవాళ్టి ధర కట్టాను.
పదకొండు శాతం దగ్గర, వెళ్ళు అంది.
పన్నెండు దగ్గర, కూర్చో అంది.
క్లయింటుకి నచ్చే జవాబు వచ్చేదాకా
ఆ శాతాన్ని ఎలా జరపాలో నాకు తెలుసు,
జీతం దానికే.
ఇప్పుడు క్లయింటుని నేనే.

సెల్వరాణి పోయినేడు వెళ్ళింది.
చదువయ్యాక అక్కడే ఒక బ్యాంకులో
మళ్ళీ లోపలి గదిలోనే చేరింది.
"ఇక్కడ చలి ఏసీది కాదే, అంతే తేడా"
అని ఫోన్లో నవ్వింది.
నవ్వే అనుకుంటాను.
ముప్ఫై దాటితే ముందుగదిలోకి రానివ్వరని
సలహా చెప్పే ఆయన గంటకి మూడువేలు తీసుకున్నాడు.
నాకు ఇరవైతొమ్మిది మీద నాలుగు నెలలు.

మూడింటికి క్యాబ్. ఓఎంఆర్ ఖాళీ.
అద్దంలోంచి ఏళుమలై అన్న అడిగాడు,
"అంతసేపూ ఏం బ్యాంకమ్మా అది,
డబ్బు వేసేదా, తీసేదా?"
"కాదన్నా, ఒక కంపెనీని ఇంకో కంపెనీకి
అమ్మిపెట్టేది."
"ఓ, బ్రోకరా!
వేళచ్చేరిలో ఇల్లు చూపించినోడు
నెల అద్దె గుంజాడు. మీకెంత?"
"నూటికి ఒకటి. మహా అయితే ఒకటిన్నర."
"అంతేనా?" అని నిజంగా జాలిపడ్డాడు.
ఎన్ని వేల కోట్ల మీదో చెప్పబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి దరఖాస్తు తెరిచాను.
ఈ కోర్సే ఎందుకు? అయిదువందల మాటల్లో.
ప్రపంచ మార్కెట్ల మీద చిన్ననాటి మక్కువ అని రాసి
నాకే సిగ్గేసి చెరిపేశాను.
బేరం జరిగే గదిలో కూర్చోవాలనుంది.
అక్కడ ఎవరి గొంతు వణుకుతుందో చూడాలనుంది.
పదిహేడో పేజీ తప్పని
నా నోటితో చెప్పాలనుంది.
ఇంతే వచ్చింది.
ఇంకా నాలుగువందల ఎనభై మాటలు కావాలి.

కోర్సు అన్న చోట ఏమీ నింపలేదు.
పైన, పేరు: జ్ఞానప్రసూన.
పక్కన, ఊరు: చెన్నై.
రెండు గడులకీ మధ్య సన్నటి గీత,
ఒకవైపు కాస్త లావుగా ఉంది.
సరిచేయడానికి చెయ్యి వెళ్ళింది.
వెనక్కి తీసుకున్నాను.