కనుబొమ్మ

గుణుపురంలో దండాసి సాహు జీడి కార్ఖానా.
ముందుగదిలో ఫ్యాను ఈడ్చుకుంటూ తిరుగుతోంది.
నా సంచిలో ఒప్పందం కాగితం,
అందులో పదకొండో షరతు నేనే రాసుకున్నది:
ఒకరి లెక్క ఇంకొకరి చెవిన వెయ్యను.

వంశధారకి అవతలి ఒడ్డున
కింతలి నీలాచలం కార్ఖానాకీ సలహాదారుని నేనే.
పోయిన చలికాలం ఆయన
ఆవిరిగది తాళంచెవి నా చేతిలో పెట్టి
"చూడండి, మీ దగ్గర దాచేదేముంది" అన్నాడు.
నూటికి ఎంత నూక పడుతుందో
ఉడికిన పిక్క ఎన్ని రాత్రులు ఆరుతుందో
చూశాను, రాశాను, రుసుం తీసుకున్నాను.

సాహు టీ గ్లాసు నా వైపు జరిపాడు.
ఒడియాలో మొదలెట్టి తెలుగులోకి దిగి
ఎండ సంగతి అడిగినట్టే అడిగాడు:
"నీలాచలం బాబుకి నూక ఇరవై దాటదటగా?"

చెప్పలేదు.
ఒట్టు, ఒక్క ముక్క చెప్పలేదు.
"అది నేను మాట్లాడకూడదు సాహు గారూ" అన్నాను,
బడిలో అప్పజెప్పిన పద్యంలా.
కానీ ఇరవై అన్న చోట
నా కనుబొమ్మ లేచింది.
వెంట్రుకవాసి.
నలభై ఏళ్లుగా పిక్కని అరచేతిలో తూచి
లోపల తాలో గట్టో చెప్పే మనిషికి
అంతకంటే ఏం కావాలి?
ఆయన నవ్వలేదు.
బిస్కెట్లు తెప్పించాడు.

పదిహేను రోజులకి
నీలాచలం ఆవిరిగది మేస్త్రీ గౌరంగో
ఇవతలి ఒడ్డున కనిపించాడు, కొత్త చెప్పులతో.
నన్నెవరూ ఏమీ అనలేదు.
రాత్రి షరతులన్నీ తిరగేశాను.
నోటి గురించి ఉంది, కాగితం గురించి ఉంది,
పెన్‌డ్రైవ్ గురించి కూడా ఉంది.
మొహం గురించి లేదు.

ఒలుపు షెడ్డులో గున్నమ్మ
ఆముదంలో బూడిద కలిపి
వేళ్ల సందుల్లోకి ఎక్కించుకుంటోంది,
ఇంకా ఒక్క పిక్కా ముట్టకుండానే.
నా చూపు చూసి అంది:
"ముందలే రాసుకోవాల బాబూ.
జీడి అంటీసినాక ఎంత తోమితే ఏటి,
తోలు ఊడొస్తాది గానీ మరక రాదు."

వంతెన మధ్యలో బండి ఆపాను.
ఈ నెలలో నదిలో ఇసకే ఎక్కువ.
సాహు ఇచ్చిన రెండో చెక్కు జేబులో,
మడత విప్పలేదు, విప్పను, రేపు తిరిగిచ్చేస్తాను.
అది తేలిక పని.
ఇది ఎలా మొదలెట్టాలి?
"నేనేమీ చెప్పలేదు" అనా?
నిజమే అది.
అందుకే ఆ మాట వాడకూడదు.

నీలాచలం ఫోనెత్తాడు.
వెనకాల గుండ్లు వేరు, బద్దలు వేరు, నూక వేరు
చేటల్లో చెరుగుతున్న చప్పుడు.
"చెప్పండి మాష్టారూ."