లెక్క తప్పిన చుట్లు

రెండూ ఒకే వారంలో పుట్టాయి.
ఒకే చెక్క దిమ్మ, ఒకే రంపం.
వెనక చెక్కిన అంకెలు కూడా ఇరుగుపొరుగు:
ఒకదాని చివర నాలుగు, ఇంకోదాని చివర ఐదు.
నలభై ఆరేళ్ళ తర్వాత
మాట్సుమోటోలో, రైలు పట్టాల వెనక సందులో
నా మరమ్మతు బల్ల మీద మళ్ళీ కలిశాయి.

"ఒకటే ఉంచుకుంటాను, ఏదో నువ్వే చెప్పు"
అని వదిలి వెళ్ళాడు ఉసుయి.

నాలుగు
హకోదాతె రేవులో ఒక కాబరేలో
పదిహేనేళ్ళు రాత్రి డ్యూటీ చేసింది.
బెల్టు కొక్కెం గీరిన చోట రంగు లేచిపోయింది.
మెట్లు అరిగి గుంటలు పడ్డాయి.
తీగలు విప్పితే ఇంకా సిగరెట్ వాసన.
ఐదు
ఒక పళ్ళ డాక్టరు మంచం కింద
పెట్టెలోనే ఉండిపోయింది.
దాని మీది ప్లాస్టిక్ పొరని
మొన్న నేనే ఒలిచాను.

ఒకే ప్యాకెట్లోంచి తీగలు తీసి రెంటికీ బిగించాను.
ఒకే యాంప్, గుండీలన్నీ ఒకే గీత దగ్గర.
ఒకే చేయి. నాది. అదీ అంత కుదురైందేం కాదు.

ఐదుని మీటితే
ముందు మొన వస్తుంది, ఆ వెనక ఒళ్ళు.
పొద్దున్నే చన్నీళ్ళు మొహాన కొట్టుకున్నట్టు
ప్రతి స్వరానికీ ఓ అంచు.
నాలుగుని మీటితే
స్వరం రెప్పపాటు ఆగి
గొంతు సవరించుకుని గాని బయటికి రాదు.
వచ్చాక మాత్రం
తడిసిన దుప్పటంత బరువు.
మంద్రంలో, పొట్టకి ఆనించిన చెక్క
నాకంటే ముందే వింటుంది.

అనుభవం, అనుకున్నాను.
పొగ తాగింది, తప్పతాగిన వాళ్ళ కేకలు తాగింది,
ఆ మాత్రం బొంగురు ఉండదా మరి?
ఉసుయికి చెప్పడానికి మంచి వాక్యం కూడా కూర్చుకున్నాను.

అయినా మనసు ఒప్పక
మెడలు మార్చి చూశాను. తేడా కదల్లేదు.
పికప్‌లు మార్చాను.
బొంగురు ఐదుకి వచ్చింది.
నాలుగు, ఆ సిగరెట్ వాసనతోనే,
చన్నీళ్ళలా పలికింది.

నా మంచి వాక్యం అక్కడే చచ్చింది.

మీటరు పెడితే
ఒకటి ఏడు వేల నాలుగొందల ఓములు,
ఇంకోటి తొమ్మిది వేలకు కాస్త తక్కువ.
అడుగున ఎర్ర పెన్సిలుతో
రెంటి మీదా ఒకే చేతి టిక్కు.

ఆ చేయి ఇంకా ఉందన్నారు, ఏరు అవతల ఆపిల్ తోటల్లో.
తకామిజావా కియొమి, ఎనభై ఒకటి.
సంచీ నిండా దెబ్బ తగిలిన పళ్ళు తెచ్చింది.
నేను వాయిస్తుంటే కళ్ళు మూసుకోలేదు,
నా గోళ్ళ వైపే చూసింది.

"ఆ పూట లెక్క ముల్లు ఇరుక్కుపోయింది" అంది.
"గోడ గడియారం చూసుకుంటూ చుడుతున్నా,
వెంట్రుక కన్నా సన్నం, తెగితే జీతంలో కోత.
పక్క బల్ల మిత్సుయె అప్పుడే చెప్పింది నాకు:
ఈ రాత్రి నీగాతా లారీలో వెళ్ళిపోతున్నానని,
పెట్టె సర్దేశానని, నీకు తప్ప ఎవరికీ తెలీదని.
నేను గడియారం మర్చిపోయాను.
తక్కువైతే తిడతారు, ఎక్కువైతే ఎవడికి తెలుస్తుంది?
దాని కథ అయిపోయేదాకా చుడుతూనే ఉన్నా."

వెళ్ళిపోయిందా మరి?

"సోమవారం వచ్చి మళ్ళీ నా పక్కనే కూర్చుంది.
ఎందుకని నేనడగలేదు.
రిటైరయ్యేదాకా అడగలేదు."

ఆ బొంగురులో మిత్సుయె ఉందని
నాకు నేనే ముచ్చటపడి
నాలుగుని ఇంకోసారి మీటాను.
ఆవిడ చేయి అడ్డం పెట్టింది.
"చాలు. రెండోది వాయించు."

వాయించాను.
ఆఖరి స్వరం పూర్తిగా ఆరేదాకా
వంచిన తల ఎత్తలేదు.

"ఇదీ" అంది, కండువా సర్దుకుంటూ,
"ఇది నేను సరిగ్గా చేసింది."

సంచీ ఇక్కడే మర్చిపోయింది.
ఉసుయి రేపొస్తాడు.
ఆపిల్ కోస్తూ కూర్చున్నాను,
దెబ్బ తగిలిన వైపు నుంచి.