మట్టం

వెర్నా కొట్లో గల్లాపెట్టె వెనక పలక మీద
రోజూ ఒక అంకె మారుతుంది.
నూట అరవై నాలుగంటే సామ్ రేబర్న్ నిండుకుండ.
నూట యాభై ఎనిమిదంటే
మొద్దులు పైకి తేలాయి, మోటారు పంకా జాగ్రత్త అని.
అంతకు మించి ఆమె ఎవరికీ ఏమీ చెప్పదు.
ఎరలు లెక్కపెట్టి సంచిలో వేస్తుంది,
చిల్లర తడిచేత్తో ఇస్తుంది.

ఆదివారం ఒక్కటే నాది.
తక్కిన ఆరు రోజులూ జాస్పర్ ఊళ్ళో, డయాలసిస్ గదిలో,
మనుషుల నెత్తురు వడకట్టే గొట్టాల మధ్య.
గొట్టంలో బుడగ పడిందేమో చూసే కన్నే
ఇక్కడ దారాన్ని చూస్తుంది.
కదిలిందా?
గాలి.

ఆగస్టులో చేప ఉండదు, ఎండ ఉంటుంది.
నీళ్ళు చారులా వెచ్చబడితే
బాసులన్నీ పాత ఏటి గాడిలోకి దిగి
ఇరవై ఐదడుగుల చీకట్లో సర్దుకుంటాయి.
మేమూ రాత్రికి మారతాం.
దోమలకు నెత్తురు ధారపోసి
రబ్బరు ఎర్రని అడుగున ఈడ్చుకుంటూ పోతుంటే
ఠక్, ఠక్,
మునిగిన అడవి ఒక్కో చెట్టుగా చేతికి తెలుస్తుంది.
అరవై ఏళ్ళ కిందట నీళ్ళొచ్చిన తొందరలో
నరక్కుండా వదిలేసినవి.
ఆకు లేదు. నీడ మాత్రం ఇస్తూనే ఉన్నాయి, చేపలకి.

అక్టోబరుకి వాగుల మొగల్లో షాడ్ పిల్లలు
వెండి రజనులా చెల్లాచెదురు.
నీళ్ళు ఉన్నట్టుండి ఉడుకుతాయి.
ఏది విసిరినా కొరికే పదిహేను నిమిషాలు!
సరిగ్గా అప్పుడే నా రీలు చిక్కుపడింది.
పక్క బోటులో ముసలి డెల్మర్ పడీపడీ నవ్వాడు,
పిట్టగూడు బాగా కట్టావు, గుడ్లెప్పుడని.

జనవరి సంగతి రెండు ముక్కలు:
వేళ్ళు పనిచేయలేదు. చేపలూ అంతే.

మార్చి గురించి చెప్పాలి.
చెప్పకుండా చాలా ఆదివారాలు నెట్టుకొచ్చాను.

పైన్ పుప్పొడి నీళ్ళకి పసుపు పూసిన పొద్దున,
మోకాలి బంటి లోతులో,
తోకతో ఊడ్చి ఊడ్చి కంచమంత చోటు తెల్లగా చేసుకుని
ఒక మగచేప.
ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోయింది, వాటి తీరే అంత.
వీడు తిండి మానేసి కాపలా.
ఎర వేశాను.
నోటితో తీసి అవతల పడేశాడు.
మళ్ళీ వేశాను.
ఈసారి వదల్లేదు.
ఆకలి కాదది,
తుడిచిన వాకిట్లో చెత్త పోస్తే వచ్చే కోపం.

మూడు పౌన్లుంటాడు, మహా అయితే.
ఫోను తీశాను. ఎండ కళ్ళలో పడుతోందని ఇటు తిరిగాను.
ఇంకొకటి. నవ్వుతూ ఒకటి.
రెండే నిమిషాలు. వదిలేశాను కూడా.
ఏం పోయిందిలే అనుకుంటూ వంగి చూస్తే
ఆ కంచం నిండా బ్లూగిల్ మూక,
పిలవని పేరంటంలా.

వాడు తిరిగొచ్చాడు.
వాటిని తరిమాడు.
మునుపటిలాగే నడిమధ్యన నిలబడ్డాడు,
కాయడానికి ఏమీ మిగలకపోయినా.

ఫోటో వెర్నాకి చూపించాను, ఎందుకో.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
చేపని కాదు, నా భుజం వెనక నీళ్ళని చూసింది.
ఎక్కడో, ఎంత లోతో, ఏం నెలో తెలిసిపోయింది.
తర్వాత పలక తుడిచి
ఆ రోజు అంకె మళ్ళీ రాసింది,
అదే అంకె.

ఈ మార్చిలో వానలకి నీళ్ళు బోటు రేవు మెట్లెక్కాయి.
నేను పాత గాడి మీదే లంగరు వేసుకున్నాను.
డెల్మర్ ఆగి అరిచాడు:
ఒడ్డు నిండా చేపలుంటే ఇక్కడేం చేస్తున్నావయ్యా?
దోమలన్నాను.
మార్చిలో దోమలేమిటన్నట్టు చూసి
మోటారు లాగించుకుంటూ పోయాడు.
అతను కనుమరుగయ్యాక
అతని అల నింపాదిగా వచ్చి
నా బోటుని రెండుసార్లు ఊపింది.